మన యూరి వార్త మనమే వ్రాసికొందము

దినపత్రిక చేతికి రాగానే మనలో చాలమంది మొదట వెదకునది మన యూరి పేరు. అయితే ఆగిరిపల్లి పేరు అచ్చులో కనబడునది ఎప్పుడు? రోడ్డు ప్రమాదము జరిగినప్పుడు, నాయకులు వచ్చినప్పుడు, రథసప్తమికి శోభనాచలస్వామి రథము కదలినప్పుడు. ఇవి వార్తలు కావని మేమనము. కాని ఊరి బ్రతుకు ఇంతమాత్రమేనా?

1902లో బందరున 'కృష్ణా పత్రిక' వెలసిన నాటి నుండి ఈ ప్రాంతమునకు పత్రికలతో పరిచయము కలదు. 1989లో 'ఈనాడు' జిల్లా పత్రికలను ఆరంభించుటతో పల్లెల పేర్లు నిత్యము అచ్చులోనికెక్కినవి. అయినను జిల్లా పేజీ జిల్లాదే, ఊరిది కాదు. 2022 ఏప్రిల్ 4న మన మండలము కృష్ణా జిల్లాను విడచి ఏలూరు జిల్లాలో చేరినది. హద్దులు ఇట్లు మారుచుండును; ఊరు మాత్రము ఉన్నచోటనే యుండును. దాని కథను దాచుకొనవలసినవారు ఊరివారే.

ఐర్లండు పడమటి తీరమున గ్రేట్ బ్లాస్కెట్ అను చిన్న ద్వీపము కలదు. బ్రతుకు కష్టమై జనము తగ్గిపోగా, 1953లో ప్రభుత్వము మిగిలినవారిని ఎదుటి తీరమునకు తరలించినది. నేడు ఆ యూరు పాడుపడినది. కాని అచ్చటి జాలరి టామస్ ఓ క్రోహన్, నడివయసులో తన ఐరిష్ భాషను వ్రాయ నేర్చి, తమవారి వేట, ఆకలి, పెండ్లి, చావు అన్నియు గ్రంథస్థము చేసెను. 1929లో అది అచ్చయినది. ఊరు పోయినను ఊరి మాట నిలిచినది.

మన యూరు పోలేదు. మాట మాత్రము పోవుచున్నది. ఈ యేడు మామిడికి పూత ఎట్లు వచ్చినది? తేనెమంచు పురుగు ఎన్ని తోటలను చెరిచినది? పూతమీద తోటను ఎంతకు గుత్తకిచ్చిరి? గాలివానకు ఎంత కాయ రాలినది? కోతకూలి ఎంత పలికినది? ఏ ముసలి రసాల చెట్టును కొట్టివేసిరి? "ఇవి చిన్న విషయములు గదా" యని కొందరందురు. వ్రాత లేనిచోట బలవంతుని జ్ఞాపకమే సాక్ష్యమగును. నిరుటి కూలి ఎంతయని తగవు వచ్చినపుడు నష్టపడునది పేదవాడే.

కావున మా మనవి ఇది: మన కళాశాల విద్యార్థులు ఒక్కొక్కరు ఏడాదికి రెండు పుటలు తమ యూరిని గూర్చి వ్రాయవలెను. ఉర్దూ మాత్రమే మాటలాడు నానీ చెప్పిన సంగతిని మనుమరాలు ఉర్దూలో వ్రాయును. తోటి విద్యార్థి దానిని తెలుగు చేయును. ఇంటి గుట్టులు వలదు. చెప్పినవారికి చదివి వినిపించి, వారు సరేయన్న పిదపనే అచ్చు వేయవలెను. ఒక ప్రతి గ్రంథాలయమున ఉంచవలెను.

ఈ పనికి ధనము అక్కరలేదు; ఓర్పుతో వినుట, నిజము వ్రాయుట చాలును. వచ్చే సంచిక నుండియే మొదలిడుదము.