గుజ్జు మళ్లీ పెరుగుతుందా?

"మోకాలి గుజ్జు అరిగిపోయింది" అని డాక్టర్ చెప్పారో లేదో, మర్నాటి నుంచి ఫోన్ నిండా ప్రకటనలే. ఈ మాత్రతో గుజ్జు పెరుగుతుందని ఒకరు, ఆ పొడి తాగితే ఆపరేషనే అక్కర్లేదని ఇంకొకరు. మరి గుజ్జుని నిజంగా పెంచే మందు ఉందా?

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఎముక విరిగితే అతుక్కుంటుంది. గుజ్జు, అంటే మృదులాస్థి, అలా కాదు. దానికి రక్తనాళాలు లేవు. అందులో ఉండే కొద్దిపాటి కణాలకి తిండి ముఖ్యంగా కీలులోని ద్రవం నుంచే అందుతుంది. అందుకే దెబ్బతింటే దానంతట అది బాగుపడటం చాలా కష్టం.

2012లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికా శాస్త్రవేత్తలు సుమారు 22,000 రసాయనాలని మూలకణాల మీద పరీక్షించి, ఆ కణాలని గుజ్జు కణాలుగా మార్చేదాన్ని ఒకటి పట్టుకున్నారు. పేరు కార్టోజెనిన్. ఇది పని చేసే తీరు నాలాంటి కోడ్ రాసేవాళ్లకి భలే నచ్చుతుంది. కణంలో ఫిలమిన్ అనే ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌ని పట్టుకుని కూర్చుంటుంది, ఒక ప్రాసెస్ ఫైల్‌ని లాక్ చేసినట్టు. కార్టోజెనిన్ ఆ పట్టు విడిపిస్తుంది. విడుదలైన ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి గుజ్జు తయారీ జన్యువులని ఆన్ చేస్తుంది. కీళ్లు దెబ్బతిన్న ఎలుకల్లో ఫలితం కనిపించింది.

ఇలాంటి చిన్న అణువుల మందులకి ఒక లాభం ఉంది. కణాలు పెంచి ఎక్కించే చికిత్స కంటే వీటి తయారీ, నిల్వ తేలిక. కానీ కీలులోకి ఎక్కించిన చిన్న అణువు ఎక్కువసేపు అక్కడ నిలవదు. పైగా ఎలుక మోకాలి గుజ్జు చాలా పల్చన, మనది కొన్ని మిల్లీమీటర్ల మందం. మన బరువూ వేరు. లోరెసివివింట్ అనే మరో చిన్న అణువు మనుషుల మీద మూడో దశ దాకా వచ్చింది. అక్కడ నొప్పి తగ్గించాలన్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది.

మొన్న మా అమ్మ అడిగింది, "నాన్నా, గుజ్జు మాత్రలు తెప్పించవా?" అని. చాలావాటిలో ఉండేది గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. అమెరికాలో 1,583 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే ఇవి మెరుగని తేలలేదు. అదే చెప్పాను. "అయితే ఏం చెయ్యమంటావు?" అంది.

చెయ్యగలిగినవి ఉన్నాయి. అధిక బరువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. తొడ కండరాలకి బలమిచ్చే వ్యాయామం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవచ్చు. గుజ్జు పెంచే మందు కోసం పరిశోధన ఆగలేదు, ఆగకూడదు కూడా. అది మన డాక్టర్ చీటీలోకి వచ్చేదాకా, నెలనెలా ఆ డబ్బాలకి పోసే డబ్బుతో మంచి ఫిజియోథెరపీ చేయించండి.