మండి కాదు, మంది

ఫస్ట్ ఇయర్ మొదటి రోజు క్లాసులో అందరం లేచి పేరు, ఊరు చెప్పాం. నా పక్కన కూర్చున్న అమ్మాయి "చాంద్రాయణగుట్ట" అని చెప్పి కూర్చుంది. ఏడాది గడిచి, మేమిద్దరం ఒకే ల్యాబ్ బ్యాచ్‌లో పడి, ఒకరి రికార్డు ఒకరం కాపీ కొట్టుకునేంత దగ్గరయ్యాక తెలిసింది, వాళ్లది బార్కస్ అని. మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పావే అని అడిగాను.

"బార్కస్ అంటే రెండే రియాక్షన్లు వస్తాయి. ఒకటి 'అబ్బ, మండి!' రెండోది 'అక్కడ సేఫేనా?' రెండిటికీ జవాబు చెప్పే ఓపిక లేదు" అంది.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే అప్పుడే నా నోటిదాకా వచ్చిన మాట కూడా "అబ్బ, మండి!" అనే.

ఈ రెండు మాటల గురించే రాద్దామనుకున్నాను. ఒకటి పొగడ్త, ఇంకోటి భయం అనుకుంటాం. నాకేమో రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. రెండిటిలోనూ అక్కడ ఉండే మనుషులు లేరు. ఒకదాంట్లో ప్లేటు ఉంది, ఇంకోదాంట్లో మనమే ఉన్నాం.

మాది వనస్థలిపురం. ట్రాఫిక్ లేకపోతే ఎల్బీనగర్ నుంచి రింగ్ రోడ్డు పట్టుకుని బార్కస్‌కి అరగంటా ముప్పావుగంట. హైటెక్ సిటీకి దానికి రెట్టింపు టైమ్ పడుతుంది, అయినా అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. బార్కస్‌కి మాత్రం పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా వెళ్లలేదు. మొదటిసారి మా అక్క, బావ తీసుకెళ్లారు, శనివారం రాత్రి పది దాటాక. "ఆ టైమ్‌లో ఓల్డ్ సిటీకా?" అని అమ్మ గుమ్మం దగ్గర నాలుగుసార్లు అడిగింది.

నిజం చెప్పాలంటే భలే ఉంది. చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి ఎర్రకుంట వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా లైట్లు, అరబిక్ అక్షరాల బోర్డులు, హోటల్ ముందు కార్లు, ఆ కార్ల వల్ల కదలని ఆటోలు. లోపల కర్టెన్ వేసిన చిన్న చిన్న క్యాబిన్లు. కింద పరుపు మీద కూర్చుంటే మధ్యలో పెద్ద పళ్లెం పెట్టారు. పొడుగు బియ్యం అన్నం, పైన మటన్, జీడిపప్పు, పక్కన టమాటా చట్నీ. ముగ్గురం ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తిన్నాం. బావ వీడియో తీశాడు. బయటికొచ్చి సులేమానీ చాయ్ తాగి, ఒంటిగంటకి ఇల్లు చేరాం. నేను స్టోరీలో "మినీ అరేబియా" అని పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి.

రెండోసారి నా ఫ్రెండ్ రమ్మంది. కానీ పొద్దున ఏడింటికి రమ్మంది. "రాత్రి చూసింది మీ బార్కస్. పొద్దున మాది చూద్దువుగాని" అంది.

పొద్దున ఆ రోడ్డు వేరే రోడ్డులా ఉంది. గళ్ల లుంగీలు కట్టుకున్న పెద్దవాళ్లు హోటల్ ముందు హరీస్ కోసం నిలబడ్డారు. గోధుమలు, మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికించి మెత్తగా మెదిపితే హరీస్. తీపిది ఒకటి, కారం ఒకటి, రెండిటి మీదా నెయ్యి. తీపి మాంసం అంటే నేను ముందు మొహం మాడ్చుకున్నాను. తర్వాత రెండో గిన్నె అడిగాను. మనం రంజాన్ నెలలో లైన్ కట్టి తినే హలీమ్‌కి ఇది అక్కలాంటిది. ఇదే వంట హైదరాబాద్ మసాలాలు, పప్పులు కలుపుకుని హలీమ్ అయ్యింది, 2010లో జీఐ ట్యాగ్ కూడా తెచ్చుకుంది.

నేను అప్పటిదాకా నమ్మిన ఒక విషయం ఆ రోజే తప్పని తెలిసింది. రీల్స్‌లో చెప్పేది ఏంటంటే, నిజాం సైనికులు వందల ఏళ్ల కిందట తెచ్చిన వంట మండి అని. సైనికులు రావడం నిజమే. యెమెన్‌లో హద్రమౌత్ అనే ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరారు. వాళ్లుండే బ్యారక్స్ జనం నోళ్లలో నాని బార్కస్ అయ్యింది. ఇంగ్లిష్ మీడియంలో పన్నెండేళ్లు చదివి, ఆ పేరులో ఇంగ్లిష్ మాట ఉందని నాకు తట్టనే లేదు! వాళ్లని ఇక్కడ చావుష్‌లు అంటారు, అది తుర్కీ సైన్యంలో ఒక ర్యాంకు పేరు. కానీ మండి హోటళ్లు ఇలా వరసగా వెలిసింది ఈమధ్య కాలంలోనే. బార్కస్ మగవాళ్లు గల్ఫ్‌కి పనికి వెళ్లి, అక్కడి రుచి వెనక్కి తెచ్చారు. అంటే అది నిజాం కథ కాదు, వలస కథ. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్ల కథలు మనకి తెలిసినవే కదా, ఇదీ అలాంటిదే.

వలస రెండు వైపులా నడిచింది. హద్రమౌత్‌లోని ముకల్లా రేవుని 1967 దాకా ఏలిన కుఐతీ సుల్తానుల వంశాన్ని నిలబెట్టినాయన నిజాం సైన్యంలో జమేదార్. హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బు అక్కడ ఒక రాజ్యాన్ని కట్టింది. 1948లో పోలీస్ యాక్షన్ తర్వాత ఇక్కడి అరబ్బుల ఉద్యోగాలు పోయాయి, చాలామందిని నిర్బంధించారు, కొందరిని యెమెన్‌కి పంపేశారు. మిగిలినవాళ్లు ఇక్కడివాళ్లుగానే మిగిలారు. ఇవేవీ నా స్కూల్ పుస్తకంలో చదివిన గుర్తు లేదు. ఓడలు, యుద్ధాలు, సుల్తానులు ఉన్న చరిత్ర అరగంట దూరంలో ఉంటే నేను దానికి పెట్టిన పేరు "మినీ అరేబియా".

హరీస్ తిన్నాక వాళ్లింటికి వెళ్లాం. దారిలో తోపుడుబండి మీద జామకాయలు. బార్కస్ జామకాయలకి పేరు. ఇక్కడి ఉర్దూలోనూ వాటిని జామ్ అనే అంటారు. ఇంట్లో వాళ్ల దాదీ ఉన్నారు. నేను హిందీలో ఏదో మొదలుపెట్టేలోపే ఆవిడ "దా బిడ్డా, కూసో. తిన్నవా?" అన్నారు. అచ్చం మా నాయనమ్మే! మహేశ్వరం వైపు పల్లెల నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్లతో బేరాలాడుతూ నేర్చుకున్నారట. ఆవిడ తెలుగు గడగడా మాట్లాడుతుంటే నేను మధ్యమధ్యలో ఇంగ్లిష్ మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

మరి అరబిక్ వచ్చా అని అడిగితే దాదీ నవ్వి, వాళ్ల మామగారు మాట్లాడేవారని, తనకి నాలుగు మాటలే వచ్చని చెప్పారు. నా ఫ్రెండ్ అంది, "నేను అరబిక్ చదవగలను, అర్థం కాదు. నువ్వు తెలుగు హోర్డింగ్ చదివినట్టే."

తిట్టినట్టు అనిపించలేదు, నిజమే కాబట్టి. వాళ్లింట్లో ఒక భాష పోవడానికి మూడు తరాలు, ఒక సముద్రం పట్టాయి. మా ఇంట్లో ఒక్క తరం, ఒక్క స్కూల్ బస్సు చాలాయి. ఈ వ్యాసం రాయడానికి నేను మా నాన్నని ఎన్నిసార్లు ఫోన్‌లో విసిగించానో ఆయనకే తెలుసు.

ఇప్పుడు రెండో మాటకి వస్తా. "సేఫేనా?" ఇది అడగడం తప్పని నేను అనను. ఆడపిల్లలం రాత్రి ఎక్కడికి వెళ్లాలన్నా అడుక్కునే ప్రశ్న ఇది. కానీ గచ్చిబౌలిలో అర్ధరాత్రి కాఫీకి వెళ్లేటప్పుడు టైమ్ గురించి అడుగుతాం, బార్కస్ అనగానే మనుషుల గురించి అడుగుతాం. ఆ తేడా వినేవాళ్లకి తెలుస్తుంది. అందుకే ఒక అమ్మాయి తన ఊరి పేరు మార్చి చెప్పింది.

అలాగని అక్కడంతా బాగుందని కూడా చెప్పను. నేను వెళ్లిన ఆ రాత్రి రోడ్డు మీద నిలబడి చాయ్ తాగుతున్నవాళ్లంతా మగవాళ్లే. ఆడవాళ్లు కార్లలోనో, కర్టెన్ వెనకో ఉన్నారు. నా ఫ్రెండ్‌ని అడిగితే, "మా ఊరి నైట్ లైఫ్ నేను కూడా నీలాగే రీల్స్‌లోనే చూస్తా" అంది. వనస్థలిపురం నుంచి వెళ్లి నేను అర్ధరాత్రి దాకా తిరిగి రాగలిగిన రోడ్డు మీద, అక్కడే పుట్టిన అమ్మాయి తిరగలేదు. హోటళ్ల వల్ల కొందరికి పని దొరుకుతుంది, మంచిదే. కానీ వీధి పేరు మారుమోగడం వేరు, ఆ వీధి అక్కడి అమ్మాయిలదీ కావడం వేరు. మన వీధుల్లో మాత్రం రాత్రి పదిన్నరకి ఎంతమంది అమ్మాయిలు నిలబడి చాయ్ తాగుతున్నారు? ఈ విషయంలో బార్కస్‌ని వేలెత్తి చూపే అర్హత మా కాలనీకి లేదు.

ఇంకో చిన్న సంగతి. వాళ్లింట్లో ఎవరూ "మండి" అనరు. "మంది" అంటారు. అరబిక్‌లో అక్కడ ఉన్నది "ద"యే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చదివి మనం "డ" చేశాం. మంది అంటే తెలుగులో జనం. ఆ జనమే మన రీల్స్‌లో లేరు.

రాత్రి వెళ్లొద్దని నేను చెప్పట్లేదు. వెళ్లండి, తినండి, నేనూ మళ్లీ వెళ్తా. కానీ ఒక్కసారి పొద్దున కూడా వెళ్లండి. మన లిటరరీ క్లబ్ తరఫున సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక ఒక ఆదివారం పొద్దున హరీస్‌కి వెళ్దామని నా ప్రపోజల్. వచ్చేవాళ్లు మా క్లాసులో పేరిస్తే చాలు. నా ఫ్రెండ్ దారి చూపిస్తానంది. ఒక్క కండిషన్ పెట్టింది: వాళ్ల గల్లీలో అడగకుండా ఎవరినీ వీడియో తీయొద్దట. దాదీ మాత్రం అడిగితే ఒప్పుకుంటారట, కాకపోతే తెలుగులో అడగాలి.