సిప్‌కాట్‌లో ఎగరని ఎర్రజెండా

2024 జూన్‌లో తమిళనాడులోని కృష్ణగిరి కాంగ్రెస్ ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మనవాళ్లు మురిసిపోయారు. మురిసిపోవలసిందే. హోసూరు నుంచి 2001, 2006, 2011లో వరసగా మూడుసార్లు శాసనసభకు వెళ్లిన నాయకుడు, ఢిల్లీలోనూ ఇంటి భాషను వదల్లేదు. ఆ సంబరంలో ఎవరైనా దీన్ని తెలుగు ఓటు సాధించిన గెలుపుగా లెక్కేసుకుంటే మాత్రం, ఒకసారి అంకెలు చూసుకోవాలి.

ఆయనకు పడ్డవి దాదాపు 4.93 లక్షల ఓట్లు. అన్నాడీఎంకే అభ్యర్థి జయప్రకాశ్‌కు 3 లక్షలు, బీజేపీ తరఫున నిలబడ్డ సి. నరసింహన్‌కు 2.14 లక్షలు. వీరప్పన్ కూతురు విద్యారాణి నామ్ తమిళర్ కట్చి తరఫున నిలబడి లక్ష దాటారు. 1.92 లక్షల ఆధిక్యం అంటే మాటలు కాదు. కానీ రెండో స్థానాన్నీ మూడో స్థానాన్నీ కూడితే 5.14 లక్షలు! ఓట్ల కూడిక బడిలో నేర్పే కూడికంత సాఫీగా సాగదనుకోండి. అయినా ఆ ఏడు అన్నాడీఎంకే, బీజేపీ ఎవరి దారి వాళ్లు చూసుకోకపోతే గోపీనాథ్ నోట తెలుగు ప్రమాణం వినేవాళ్లమో లేదో. అన్నట్టు, ఆ నరసింహన్ 1996లో తమిళ మానిల కాంగ్రెస్ సైకిలెక్కి ఇదే సీటు గెలిచినాయనే.

భాష కంటే పొత్తు పెద్దదన్న సంగతి ఇక్కడ కొత్తది కాదు. రాజాజీ పుట్టిన తొరపల్లి హోసూరు పక్కనే ఉంది. 1952, 1957లో కృష్ణగిరి ఆయన కొడుకు సి.ఆర్. నరసింహన్‌ను పంపింది. 1962లో డీఎంకేకు రాష్ట్రమంతటా దక్కినవి 7 లోక్‌సభ స్థానాలైతే, అందులో ఒకటి ఇది. వీధిలో తెలుగూ కన్నడమూ వినబడే హోసూరు, తళి ఉన్న చోట, తమిళమే ఊపిరిగా పుట్టిన పార్టీ అంత ముందుగా పాగా వేసింది. 1967లోనూ ఉదయించింది డీఎంకే సూర్యుడే.

ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చినాయన కథలోనే నాకు అసలు సంగతి కనబడుతుంది. వాళప్పాడి రామమూర్తి కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీలో ఎదిగిన కాంగ్రెస్ నాయకుడు. ఊరు సేలం వైపు. 1980లలో మొదలుపెట్టి 1991 దాకా కృష్ణగిరి ఆయన్ని వరసపెట్టి గెలిపించింది. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో కార్మిక శాఖ సహాయ మంత్రి అయ్యారు. హోసూరులో ఫ్యాక్టరీలు నిండుగా నడుస్తున్న రోజులు, కార్మిక సంఘం నుంచి వచ్చిన ఎంపీ, చేతిలో కార్మిక శాఖ. ఇంతకంటే కలిసిరావడం ఏముంటుంది? ఆయన ఆ పదవి వదులుకున్నది మాత్రం కావేరి నీళ్ల కోసం. తప్పని అనను. తమిళ నాయకుడికి కావేరి ముందు ఏ శాఖైనా చిన్నదే. హోసూరు కార్మికుడి పేరు చెప్పి ఢిల్లీలో ఎవరైనా కుర్చీ దిగారా అంటే, అది మాత్రం లేదు.

హోసూరుకు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. బెంగళూరు 40 కిలోమీటర్లు, భూమి తమిళనాడుది. 1970లలో రాష్ట్ర ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ వేసిన ప్లాట్లలోకి అశోక్ లేలాండ్, టీవీఎస్ వచ్చాయి. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. తర్వాత టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ పెట్టారు. వాచీ చేసే చేతులు చుట్టుపక్కల ఎక్కడా లేవు. అందుకని పన్నెండో తరగతి పాసైన పల్లె పిల్లల్ని తీసుకొచ్చి పని నేర్పారు. ఇల్లు వదిలి రావడం అదే మొదలు కాబట్టి, ఊళ్లో వాళ్ల మంచిచెడ్డలు చూడటానికి పెద్ద దిక్కుగా దంపతుల్ని కుదిర్చారు. కంపెనీ అమ్మానాన్నల్ని కూడా చూపించిందన్నమాట. అలా కుదురుకున్నవాడికి ఇల్లు, పిల్లల చదువు, ప్రమోషన్ అన్నీ కంపెనీ గేటు లోపలే ఉన్నాయి. సంఘమూ గేటుకొకటి. బోనస్ పేచీ యాజమాన్యంతోనే తేలిపోయేటప్పుడు దాన్ని ఎన్నికల సభ దాకా ఎవరు మోస్తారు?

అందుకే ఈ జిల్లాలో ఎర్రజెండా సిప్‌కాట్‌లో గెలవలేదు, పక్కనున్న తళిలో గెలిచింది. 2006లో ఇండిపెండెంటుగా నెగ్గిన టి. రామచంద్రన్ 2011లోనూ 2021లోనూ సీపీఐ గుర్తు మీదే గెలిచారు. అడవి అంచు పల్లెలు, మెట్ట చేలు ఉన్న నియోజకవర్గం అది. కార్మికులున్న చోట కమ్యూనిస్టులుంటారని పుస్తకాల్లో చదువుకున్నవాళ్లు ఒకసారి హోసూరు నుంచి తళి దాకా బస్సెక్కితే మంచిది.

హోసూరు శాసనసభ స్థానం మాత్రం ఫ్యాక్టరీలకు ముందూ తర్వాతా ఎక్కువగా పాత ఇంటిపేర్ల మధ్యే తిరిగింది. రామచంద్రారెడ్డి, వెంకటరెడ్డి, బాలకృష్ణారెడ్డి. చివరాయన అన్నాడీఎంకే మంత్రిగా ఉండగా, 1998 నాటి రాళ్ల దాడి కేసులో 2019 జనవరిలో మూడేళ్ల శిక్ష పడి పదవి పోయింది. ఏప్రిల్‌లో లోక్‌సభ పోలింగ్‌తో పాటే ఉప ఎన్నిక. ఆయన భార్య జ్యోతి నిలబడ్డారు. డీఎంకే సత్య గెలిచారు. పైన కాంగ్రెస్ చెల్లకుమార్, కింద డీఎంకే: ఒక్క పూటలో రెండు మీటలూ ఒకే కూటమికి పోయాయి.

ఇప్పుడు సిప్‌కాట్‌లో పాత పర్మినెంట్ కార్మికుడి పక్కన కాంట్రాక్టు కుర్రాడున్నాడు. బీహార్, ఒడిశా, అస్సాం నుంచి వచ్చి, ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుని, షిఫ్టును బట్టి పడుకునేవాడు. వాడి ఓటు చాలాసార్లు సొంతూళ్లోనే ఉంటుంది. ఇక్కడ వాడు పోలింగ్ రోజు సెలవు దొరికే మనిషే తప్ప ఓటరు కాడు. గెలవాలనుకున్న అభ్యర్థికి వాడి గదికి వెళ్లే పనేముంది?

నిజానికి వాడి బతుకు తేలేది పార్లమెంటులోనే. 2020 సెప్టెంబర్‌లో లోక్‌సభ మూడు కార్మిక కోడ్‌లను ఆమోదించింది. కార్మికుల్ని తీసేయాలన్నా ఫ్యాక్టరీ మూసేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలన్న షరతు అంతకుముందు 100 మంది ఉన్న చోట నుంచే వర్తించేది. దాన్ని 300కు పెంచారు. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే హోసూరు షెడ్లకు ఈ రెండంకెల మధ్య తేడా చిన్నదేం కాదు. ఆ రోజు కాంగ్రెస్, డీఎంకే సహా ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉంది. నాలుగేళ్లు తిరక్కముందే ఎన్నికలొచ్చాయి. ఆ 300 సంగతి ఓట్లడగడానికి వచ్చినవాళ్లను ఎవరైనా నిలదీశారేమో గానీ, నా చెవిన మాత్రం పడలేదు.