అప్పగించిన బిడ్డ, తవ్విన గొయ్యి

ఈత నేర్పమని ఒక బాలుణ్ణి ఈతగాడికి అప్పగించారు. నేర్చుకుంటూ ఉండగానే ఆ బాలుడు నీట మునిగి ప్రాణం విడిచాడు. బాధ్యత ఎవరిది? క్రీస్తుశకం 13వ శతాబ్దికి చెందిన షాఫియీ ధర్మవేత్త ఇమామ్ నవవీ తమ ‘మిన్హాజ్’ గ్రంథంలో ఈ సమస్యను ప్రస్తావించి, ఆ బాలుని ప్రాణానికి దియత్, అనగా పరిహారం, విధిగా చెల్లించవలసిందేనని తేల్చారు. పిల్లవాణ్ణి కనిపెట్టి ఉండవలసిన వ్యక్తి ఆ పనిలో లోపం చేశాడన్నది దీనికి ఆధారం. నేర్చుకోవడానికి వచ్చినవాడు యుక్తవయస్కుడైతే తన జాగ్రత్త తాను చూసుకోవలసినవాడు కనుక ఈ నియమం వర్తించదని వ్యాఖ్యాతలు వివరించారు. హనఫీ ధర్మవేత్తలు చర్చించిన మరొక సమస్య గోతిని గురించినది. పదిమంది నడిచే బాటలో అనుమతి లేకుండా గొయ్యి తవ్వినవాడు అందులో పడి మరణించిన వ్యక్తి దియత్‌కు బాధ్యుడవుతాడు. సొంత స్థలంలో తవ్వుకున్నవాడికి ఆ బాధ్యత లేదు.

ఈ పాత సమస్యలను ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన ఇళ్లలో బిడ్డ నీట మునిగి మరణిస్తే, ‘అల్లాహ్ రాసిపెట్టినది జరిగింది’ అన్న మాటతో విచారణ అక్కడితో ఆగిపోతున్నది. ఆ విశ్వాసం సత్యమే. నీట మునిగి మరణించినవారికి షహీద్ స్థానం లభిస్తుందన్న హదీసు కన్నవారికి ఎంతటి ఊరటనిస్తుందో మాకు తెలుసు. అయితే విధివ్రాతను అందరికంటె బాగా ఎరిగిన ధర్మవేత్తలే, ఆ గొయ్యి ఎవరు తవ్వారు, ఆ బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నాడు అని అడిగారు. సబ్ర్ వహించడమంటే హక్కును వదులుకోవడమని వారెవ్వరూ చెప్పలేదు.

మన దేశపు చట్టం కూడా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకులైనవారికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. 2024 జూలై 1కి పూర్వం అమలులో ఉన్న శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు మాత్రమే. పరిహారం వేరే విషయం. 1995 మే నెలలో పఠాన్‌కోట్ సమీపంలోని ఒక పాఠశాల పిల్లలను ఉపాధ్యాయులు బియాస్ నదికి విహారయాత్రకు తీసుకువెళ్లగా 14 మంది మునిగి మరణించారు. ఒక్కొక్కరి కుటుంబానికి 5 లక్షల రూపాయలు పాఠశాల యాజమాన్యం చెల్లించాలన్న తీర్పును 2001లో సుప్రీంకోర్టు స్థిరపరచింది. ఉపాధ్యాయుని నిర్లక్ష్యానికి యాజమాన్యం బాధ్యత వహించవలసిందే.

రెండవ సంఘటన తెలుగువారు మరువలేనిది. 2014 జూన్ 8న హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లో అదే బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటూ ఉండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుండి వదిలిన నీరు ముంచెత్తి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కొక్కరి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించి, ఆ భారాన్ని విద్యుత్ బోర్డుకు 60 శాతం, కళాశాలకు 30 శాతం, ప్రభుత్వానికి 10 శాతం పంచింది. ‘పెద్ద పిల్లలు, వారే దిగారు’ అన్న మాట కళాశాలను ఒడ్డున పడేయలేదు.

ఇక మన కుటుంబాలలో జరిగే ఒక పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. మయ్యత్‌ను త్వరగా ఖననం చేయాలన్నది మన సంప్రదాయం. ఆ తొందరలో, పెద్దలు పోలీసులను బతిమాలి పంచనామా గాని, పోస్టుమార్టం గాని లేకుండా జనాజా ముగించివేస్తారు. కొన్ని నెలల తరువాత, క్వారీ యజమానిపైనో ఈతకొలను నిర్వాహకునిపైనో కేసు వేద్దామనుకునే నాటికి మరణ కారణాన్ని నిరూపించే కాగితం ఒక్కటీ ఉండదు. ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం నివేదిక లేనిదే న్యాయస్థానంలో అడుగు ముందుకు పడడం కష్టం. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయడానికి గడువు మరణించిన నాటి నుండి రెండేళ్లు మాత్రమే. దుఃఖంలో ఉన్నవారికి రెండేళ్లు తెలియకుండానే గడిచిపోతాయి. పోస్టుమార్టం వల్ల ఖననం ఒక రాత్రంతా ఆగుతుందన్న భయం కూడా కొంత తగ్గింది. తగిన వసతులున్న ఆసుపత్రులలో, హత్య, ఆత్మహత్య వంటి అనుమానాలు లేని కేసులలో, సూర్యాస్తమయం తరువాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించింది. ఈ విషయం మస్జిద్ కమిటీ పెద్దలకు తెలిసి ఉంటే ఆ రాత్రి కుటుంబానికి సరైన సలహా దొరుకుతుంది.

బాధ్యత ఎప్పుడూ ఎదుటివారిదే అనుకోవడం న్యాయం కాదు. మదరసా పిల్లలను సెలవునాడు కాలువకు తీసుకువెళ్లే ఉస్తాద్, పై పఠాన్‌కోట్ ఉపాధ్యాయుని స్థానంలోనే ఉన్నారు. మస్జిద్‌లో వజూ చేసే హౌజ్ చుట్టూ పసిపిల్లలు ఆడుకుంటూ ఉంటే, దానికి గట్టు ఎంత ఎత్తు ఉండాలో కమిటీ ఆలోచించాలి. ఇంటి ముందు మూతలేని సంపు, స్నానాల గదిలో నిండా నీరున్న బకెట్, ఇవి ఏ ప్రభుత్వానివీ కావు. నడక నేర్చుకుంటున్న బిడ్డ మునగడానికి జానెడు నీరు కూడా అవసరం లేదు. పండుగ మరునాడు గుంపుగా సూర్యలంక తీరానికో, ఊరి బయటి క్వారీ గోతికో బయలుదేరే యువకులకు ఒక మాట. క్వారీ అంచు నిటారుగా ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, లోతు తెలియదు. ఈత వచ్చినవారు కూడా అక్కడ మునుగుతున్నారు.

మునిగేవారు సినిమాలలో చూపినట్టు కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ ఉండగా అరిచే ఊపిరి ఉండదు. పిల్లలు నీటి దగ్గర ఉన్నప్పుడు ఒక పెద్ద మనిషి, ఫోన్ జేబులో పెట్టి, చూపు మరల్చకుండా ఉండాలి. ఒకరు మునుగుతుంటే వెంటనే దూకడం వల్ల ఇంటికి రెండు జనాజాలు లేచిన సందర్భాలున్నాయి. పొడవైన కర్ర, తాడు, చున్నీ, ఖాళీ డబ్బా ఏది దొరికితే అది అందించండి. ఒడ్డుకు చేర్చిన తరువాత పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తిప్పడం చేయరాదు. దానివల్ల సమయం పోతుంది, కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి వెళుతుంది. శ్వాస లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా శ్వాస ఊదాలి, ఆ వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ లేచి కూర్చుని మాట్లాడినా సరే, దగ్గు, ఆయాసం, మగత ఏ కొంచెం ఉన్నా ఇంటికి తీసుకుపోక ఆసుపత్రికే తీసుకువెళ్లండి. ఊపిరితిత్తులలో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు.