ఫొటోతో పాటు సెట్టింగులూ పంచండి
ఆన్‌లైన్‌లో మంచి ఫొటో పెట్టేవాళ్లు దాని సెట్టింగులు కూడా పెట్టాలి. క్లిక్‌మన్న ప్రతిసారీ డిజిటల్ కెమెరా షట్టర్ వేగం, అపర్చర్, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ అన్నీ ఫొటో ఫైల్లోనే రాసిపెడుతుంది. జపాన్‌లో 1995లో రూపొందిన ఈ ఎగ్జిఫ్ పద్ధతి నేర్చుకునేవాళ్లకు పైసా ఖర్చు లేని పాఠం. నేలపట్టులో ఎగిరే గూడబాతు రెక్కలో ఈక ఈకా తేటగా కనిపిస్తోందంటే షట్టర్ సెకనులో 2000వ వంతుకు అటూఇటుగా తెరుచుకుని ఉంటుంది. తలకోన జలపాతం పాలధారలా జారుతోందంటే కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, అర సెకనో సెకనో షట్టర్ తెరిచి ఉంచారన్నమాట. ఆ అంకెలు చూస్తేనే కొత్తవాళ్లకు కిటుకు బోధపడుతుంది. చెప్పేస్తే మన పనితనం ఎవరో ఎత్తుకుపోతారన్న భయం అక్కర్లేదు. వెలుగు కోసం కాచుకున్న ఓపిక, ఎక్కడ నిలబడాలో తెలిసిన కన్ను ఏ ఫైల్లోనూ దొరకవు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మామూలుగా పెట్టే ఫొటోల్లోంచి ఈ వివరాలు తొలగిపోతాయి కాబట్టి, కింద ఒక వాక్యం మనమే రాయాలి. ఫైలునే నేరుగా పంచేటప్పుడు, ఫొటో తీసిన చోటు చెప్పే జీపీఎస్ వివరం మాత్రం తప్పకుండా తీసేయండి. మన ఇల్లు ఎక్కడుందో, ఏ చెట్టు మీద పక్షి గూడు కట్టిందో అందరికీ తెలియనక్కర్లేదు. విద్య పంచుదాం, ఆచూకీ దాచుదాం.