పిలుపు అందని బిడ్డలు

హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్ళిన కాలంలో దేవేంద్రుడు అతని పురంపై దండెత్తాడు. గర్భవతిగా ఉన్న లీలావతిని చెరపట్టి తీసుకుపోతుండగా నారద మహర్షి ఎదురై, ఈ ఇల్లాలు చేసిన నేరమేమిటని ప్రశ్నించాడు. ఆమె నేరమేమీ లేదనీ, కడుపులో ఉన్నది రాక్షస బీజమనీ, ప్రసవం కాగానే ఆ శిశువును సంహరించి తల్లిని విడిచిపెడతాననీ ఇంద్రుడు బదులిచ్చాడు. ఆ శిశువే ప్రహ్లాదుడు. భాగవత సప్తమ స్కంధం పారాయణ చేసిన ప్రతిసారీ నేను ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగిపోతాను. స్వర్గాధిపతి అంతటివాడు, ఇంకా కళ్ళు తెరవని బిడ్డకు తండ్రి పేరును బట్టి మరణశిక్ష ఖరారు చేశాడు!

పాఠక మహాశయులారా, ఈ ఘట్టం మొన్న సెలవులలో, నేను ఎన్నడూ ఊహించని చోట నాకు గుర్తుకు వచ్చింది. మా మనవరాలు పట్టుబట్టి నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. డిస్నీ ఛానల్ వారు 2017 జూలైలో ప్రసారం చేసిన ‘డిసెండెంట్స్ 2’ అనే పిల్లల సంగీత చిత్రమది. 2015లో వచ్చిన మొదటి భాగానికి కొనసాగింపు. దర్శకుడు కెన్నీ ఒర్టేగా. పాటలు, నృత్యాలు, రంగురంగుల జుట్టు, చెవులు హోరెత్తే వాద్యాలు... సగం మాటలు నాకు అర్థం కాలేదు. మనవరాలే పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పింది. అయినా ఆ కథ నన్ను వదలలేదు.

కథా నేపథ్యం ముందుగా మనవి చేస్తాను. పాశ్చాత్యుల బాల కథలలో దుష్టపాత్రలు మనకూ కొంత తెలిసినవే. నిద్రపోయే రాకుమారిని శపించిన మాలెఫిసెంట్, స్నోవైట్‌కు విషపు ఆపిల్ ఇచ్చిన సవతితల్లి, అల్లాద్దీన్ కథలోని జాఫర్, కుక్కపిల్లల చర్మాలతో కోటు కుట్టించుకోవాలనుకున్న క్రుయెల్లా. ఆరాడాన్ అనే రాజ్యాన్ని స్థాపించిన రాజు వీరందరినీ ఒక దీవికి వెళ్ళగొట్టి, దాని చుట్టూ మంత్రపు గోడ కట్టించాడు. అక్కడ ఏ మాయా పనిచేయదు, ఎవరూ బయటకు రాలేరు. దుష్టులకు శిక్ష పడింది, బాగానే ఉంది. కానీ ఆ దీవిలో వారికి పిల్లలు పుట్టారు. ఏ నేరమూ చేయని ఆ పిల్లలకు కూడా అదే చెరసాల. కొత్త రాజు బెన్ సింహాసనం ఎక్కబోతూ, తన మొదటి ఆజ్ఞగా ఆ దీవి నుండి నలుగురు పిల్లలను చదువుకు రప్పించాడు. మాలెఫిసెంట్ కూతురు మాల్, సవతితల్లి రాణి కూతురు ఈవీ, జాఫర్ కొడుకు జే, క్రుయెల్లా కొడుకు కార్లోస్. తల్లిదండ్రులు నేర్పిన దారిని కాదని వారు మంచిని ఎంచుకోవడంతో మొదటి భాగం ముగుస్తుంది.

మొదటి భాగం చెప్పింది మనకు కొత్త కాదు. అసురుని ఇంట భక్తుడు పుట్టవచ్చునని మన పిల్లలు ఉగ్గుపాలతోనే వింటారు. రెండవ భాగం అడిగిన ప్రశ్నే నన్ను కలవరపెట్టింది. రాజు నలుగురిని పిలిచాడు. మిగిలిన వారి మాటేమిటి?

ఈ ప్రశ్నకు రూపం ఉమ అనే పిల్ల. పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. జగన్మాత నామం అక్కడికెలా వెళ్ళిందా అని! మత్స్యకన్య కథలోని సముద్రపు మాంత్రికురాలు ఉర్సులా కూతురు కనుక, తల్లి పేరులోని మొదటి అక్షరం కలిసేలా పెట్టారు కాబోలు. తల్లి నడిపే చేపల వంటకాల దుకాణంలో ఈ పిల్ల పనిచేస్తుంది. చిన్ననాడు మాల్‌తో కలిసి తిరిగినదే. మాల్ ఆమెను పేరుతో పిలవదు, ‘రొయ్యపిల్ల’ అని ఎగతాళి చేస్తుంది. అందుకే కాబోలు, ఉమకు ఉన్న పాటలో ఆమె తన పేరేమిటో చెప్పమని అనుచరుల చేత మళ్ళీ మళ్ళీ పలికిస్తుంది. మనవరాలికి అది మంచి హుషారైన పాట. నాకు మాత్రం అందులో ఆకలి వినిపించింది.

ఇటు మాల్ పరిస్థితి కూడా సుఖంగా లేదు. రాజుకు ప్రియురాలైంది, రాజసభలో గౌరవస్థానం స్వీకరించవలసి ఉంది. ఊదారంగు జుట్టు బంగారు రంగుకు మారింది. నడక మార్చుకోవాలి, మాట మార్చుకోవాలి, ఎప్పుడూ చిరునవ్వు నవ్వుతూ ఉండాలి. చేతకాక, తల్లి ఇచ్చిన మంత్రాల పుస్తకాన్ని రహస్యంగా ఆశ్రయిస్తుంది. రాజు కోసం స్వయంగా వండానని చెప్పిన విందు కూడా ఆ పుస్తకం మహిమేనని బయటపడి, ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఆమె తిరిగి ఆ పాత దీవికే పారిపోతుంది.

వేద పాఠశాలలో గడిపిన వారికి ఈ పిల్ల బాధ సులువుగా అర్థమవుతుంది. గురువు సంత చెబుతుంటే పదిమందీ ఒక్క గొంతుతో వల్లె వేస్తారు. స్వరం పట్టుబడని కొత్త విద్యార్థి ఆ హోరులో పెదవులు మాత్రం కదిపి నెట్టుకొస్తాడు. నేనూ కొన్నాళ్ళు అలా కదిపినవాడినే. ఒంటరిగా చెప్పమన్న రోజు వస్తుంది. ఆ రోజుకు భయపడే పిల్లవాడు పాఠాన్ని ద్వేషించడం మొదలుపెడతాడు. చెడ్డవాళ్ళ ఇంటి నుండి వచ్చిన పిల్లకు మంచితనం నేర్పడమంటే తమ ఇంటి మర్యాదలన్నీ ఆమెకు తగిలించడమే అని ఆరాడాన్ పెద్దలు అనుకున్నారు. తప్పు ఆమెది కాదంటాను. బెన్ ఆమెకు కానుకగా చేయించిన రంగుటద్దాల చిత్రంలో మాత్రం ఆమె ఊదారంగు జుట్టుతోనే ఉంటుంది. చివరన తెర తొలగించి ఆ చిత్రాన్ని చూపినప్పుడు, అతడు తనను తానుగానే ఇష్టపడ్డాడని ఆమె గ్రహిస్తుంది. ఈ ఒక్క సన్నివేశానికి ఆ దర్శకునికి ఆశీర్వచనం చెప్పవచ్చు.

ఇక మళ్ళీ ఉమ దగ్గరకు వస్తాను. మాల్‌ను వెతుక్కుంటూ దీవికి వచ్చిన బెన్‌ను ఉమ తన ఓడకు కట్టివేస్తుంది. విడిచిపెట్టాలంటే మంత్రదండం తెచ్చి ఇవ్వమంటుంది, గోడ పగలగొట్టాలన్నది ఆమె ఆశయం. అక్కడ, కట్లలో ఉన్న రాజు ఆమెతో మాట్లాడతాడు. నలుగురితో మొదలుపెట్టి తరువాత మిగిలిన వారిని పిలవాలనుకున్నాననీ, రాచకార్యాలలో పడిపోయాననీ, పిలుపు అందని వారి మనసు ఎంత నొచ్చుకుంటుందో తట్టలేదనీ ఒప్పుకుంటాడు, క్షమాపణ కోరతాడు. ఆరాడాన్‌కు వచ్చి తనతో చేయి కలపమని ఆహ్వానిస్తాడు. ఉమ ఒప్పుకోదు. తన దారి తాను చూసుకుంటానంటుంది.

ఆమెది పొగరు అని మనవరాలు తీర్పు చెప్పింది. నాకు అలా తోచలేదు. కట్టివేసిన తరువాత వచ్చిన పిలుపుకు విలువెంత?

ఆ తరువాత కథ నాకు అంతగా నచ్చలేదు. ఉమ మాయతో రాజు మనసు తిప్పడం, మాల్ ముద్దుతో ఆ మాయ వీడిపోవడం, ఒకరు డ్రాగన్‌గా మారి ఆకాశంలో, మరొకరు అష్టపాదిగా మారి సముద్రంలో యుద్ధం చేయడం... అంత గంభీరమైన ప్రశ్న లేవనెత్తి, జవాబు చెప్పవలసిన వేళ బాణసంచా కాల్చినట్లు ఉంది. అయితే బెన్ నీటిలోకి దూకి ఇద్దరి మధ్యా నిలిచి, దీవి మేలు కోరే నీ మనసు నాకు తెలుసునని ఉమతో అన్నాక, ఆమె ఉంగరం తిరిగి ఇచ్చి మౌనంగా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఈవీ, తాను దీవిలో వదిలి వచ్చిన డిజ్జీ అనే చిన్నపిల్లను రప్పించమని రాజును అడుగుతుంది. సిండెరెల్లా సవతి అక్కచెల్లెళ్ళలో ఒకరి కూతురు ఈ డిజ్జీ. ఇంకా అలాంటి పిల్లలు ఎందరో ఉన్నారని ఈవీ చెబితే, పేర్ల పట్టీ ఇమ్మంటాడు రాజు.

2019లో వచ్చిన మూడవ భాగంలో ఇంకా వింత జరుగుతుంది. గోడ దాటి వచ్చి రాణి కాబోతున్న మాల్, ఆరాడాన్ క్షేమం కోసమని చెప్పి, ఆ గోడను శాశ్వతంగా మూసివేయాలని తానే నిర్ణయిస్తుంది! చివరకు తప్పు ఒప్పుకుంటుంది, గోడ తొలగిపోతుంది. ఇది కల్పన అని కొట్టిపారేయలేం. లోపలికి వచ్చినవాడు తన వెనుక తలుపు వేసుకోవడం మన ఊళ్ళలో చూడనిదా?

ఇక్కడ ప్రహ్లాదుని మళ్ళీ తలచుకుందాం. గురుపుత్రులైన చండామార్కులు ఇంటిపనుల మీద వెళ్ళిన సమయంలో ఆ బాలుడు ఏమి చేశాడు? తోటి రాక్షస బాలురను చుట్టూ కూర్చోబెట్టుకుని, నారదుని వద్ద తాను విన్నది వారికి చెప్పాడు. మీ తండ్రులు ఎవరని అడగలేదు. నలుగురిని ఏరుకోలేదు. ఆ పై నరసింహస్వామి ఎదుట నిలిచినప్పుడు కూడా, దీనులైన వీరిని విడిచి తానొక్కడే తరించడం తనకు ఇష్టం లేదని విన్నవించుకున్నాడు. బెన్‌కు కట్లలో తెలిసివచ్చినది ఆ అయిదేళ్ళ బాలునికి బడిలోనే తెలుసు.

ఇంత చెప్పే అర్హత నాకు ఉన్నదా అని పాఠకులు అడగవచ్చు. అడగాలి కూడా. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం సంగతి. మా ఆలయ మంటపంలో వేసవి సెలవులలో పిల్లలకు స్తోత్రాలు నేర్పేవాడిని. తొమ్మిది, పదేళ్ళ కుర్రవాడు ఒకడు రోజూ వచ్చి ప్రాకారం బయట, వేపచెట్టు కింద నిలబడేవాడు. వాడి తండ్రి పొరుగూరి గుడిలో హుండీ పగలగొట్టి జైలుకు వెళ్ళినవాడు. ఒకనాడు పాఠం ముగిశాక ఆ కుర్రవాడు లోపలికి వచ్చి, తానూ కూర్చోవచ్చా అని అడిగాడు. విష్ణు సహస్రనామంలో అప్పటికి మేము చెప్పుకున్నంతవరకూ అప్పగించాడు కూడా. రెండు చోట్ల తప్ప ఉచ్చారణ దోషం లేదు. బయట నిలబడి విన్నదే అదంతా.

నేను సంతోషించాను. కానీ ఆ కుర్రవాడు బయట నిలబడటం గమనించిన ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు, వాణ్ణి చేర్చుకుంటే తమ పిల్లలను మానిపిస్తామని అంతకుముందే నాతో అన్నారు. నేను కుర్రవాడిని కాదనలేదు, తిట్టలేదు. “ఈ ఏడాది సగం అయిపోయింది, వచ్చే వేసవికి చూద్దాం నాయనా” అన్నాను. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు వేపచెట్టు కింద లేడు. వచ్చే వేసవి నాటికి ఆ కుటుంబమే ఊళ్ళో లేదు.

ఈ సంగతి చెబితే మనవరాలు, “వాడి పేరేమిటి తాతయ్యా?” అని అడిగింది. నేను ఆనాడు పేరు అడగలేదు. ఊరంతా వాణ్ణి హుండీ దొంగ కొడుకు అనేది. నా మనసులో కూడా వాడికి అదే పేరు ఉండిపోయింది.

ఇంద్రుడు పుట్టని బిడ్డను చంపబోయాడని నేను ఏటా పురాణంలో నిష్ఠూరంగా చెబుతాను. ఆ ఏడు కూడా చెప్పే ఉంటాను.

ఆ కుర్రవాడికి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ వయసు ఉంటుంది. ఎక్కడ ఉన్నాడో, ఈ పుట వాని కంటపడుతుందో లేదో. మంటపంలో పాఠం ఇప్పటికీ జరుగుతున్నది, వేసవిలో రోజూ, మిగతా కాలంలో ఆదివారాలు, ఉదయం ఆరున్నరకు. ప్రాకారం తలుపు అయిదింటికే తీస్తాం.