పాఠంగా ఒక కల్పిత కేసు

లంచం కేసుల్లో ఏసీబీ నోట్లకు పూసే పొడి ఫినాఫ్తలీన్. వాటిని తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. కర్నూలు, కడప ఇంటర్ విద్యార్థులు టైట్రేషన్‌లో చుక్కలుగా వేసేదీ ఆ ఫినాఫ్తలీన్‌నే. ఈ సంబంధాన్ని తరగతిలో కథగా చెప్పాలి.

ఎర్రగుంట్లలో దొంగతనం జరిగిందనుకుందాం. అనుమానితుడు ఆదోని దాటలేదంటాడు. అతని చెప్పులకంటిన పొడిపై పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుసా పొంగింది. ఎర్రగుంట్ల సున్నపురాయేనా? పాలరాయి పిండీ అలాగే పొంగవచ్చు! ఆమ్లపు చుక్క ఇచ్చేది సూచన మాత్రమే, రుజువు కాదు. నిర్దోషిని జైలుకు పోనివ్వని ఈ జాగ్రత్త సమీకరణాలు వల్లెవేస్తే అబ్బదు.

కేసు మాత్రం కల్పితమే కావాలి. మన సీమలో నిజమైన ఫ్యాక్షన్ హత్యను పాఠం చేస్తే, ఆ ఇంటి బిడ్డ అదే బెంచీలో కూర్చుని ఉండవచ్చు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలంటోంది. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఆ పనికి విద్యార్థులను సిద్ధం చేసేందుకు యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర అధ్యాపకులు ఇలాంటి కేసులను తెలుగులో రాసి కళాశాలలకు పంపాలి.